పాలీహౌస్ లోనుకు ముందు ఒక పంట లెక్క రాయండి

ప్రశ్న: నా వయసు 27. బెంగళూరు మహదేవపురలో టెస్టింగ్ ఉద్యోగం, చేతికి నెలకు 62 వేలు వస్తాయి. అందులో 20 వేలు ఇంటికి పంపుతాను. మదనపల్లె దగ్గర మా ఊళ్లో నాన్న పేరు మీద ఐదెకరాలు, ఒక బోరు ఉన్నాయి. నాకు 6 లక్షల ఎఫ్‌డీ, పీఎఫ్‌లో సుమారు 3 లక్షలు ఉన్నాయి. ఉద్యోగం మానేసి 20 లక్షల లోనుతో పాలీహౌస్ (ప్లాస్టిక్ షీటు కప్పిన పంట షెడ్డు) వేసి క్యాప్సికం పండించాలనుకుంటున్నాను. సగం సబ్సిడీ వస్తుందంటున్నారు. నాన్న మాత్రం ఒకటే టెన్షన్ పడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ వయసులో సేద్యం వైపు చూసేవాళ్లు తక్కువ. సొంత భూమి, బోరు, పండించడం తెలిసిన తండ్రి ఉన్నారు. మీరు వ్యవసాయంలోకి రావాలనే నా కోరిక. కానీ మీరు అనుకున్న వరసలో మాత్రం వద్దు.

20 లక్షలు 9 శాతం వడ్డీకి ఏడేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 32 వేల కిస్తు పడుతుంది. ఇంటి ఖర్చు 20 వేలు కలిపితే 52 వేలు. ఒక్క కాయ అమ్మకపోయినా ఇది ఆగదు. ఎఫ్‌డీ మొత్తం దీనికే పెట్టినా ఏడాది తిరక్కుండా ఖాళీ అవుతుంది. పైగా మార్జిన్ కింద మీ వాటా చూపించమని బ్యాంకు అడిగితే తీయాల్సింది ఆ ఎఫ్‌డీలోంచే.

సబ్సిడీ సంగతి కూడా స్పష్టంగా తెలుసుకోండి. సగం అంటే మీ ఖర్చులో సగం కాదు, ప్రభుత్వం ఖరారు చేసిన యూనిట్ ధరలో సగం. ముందుగా మంజూరు తీసుకోవాలి. కట్టిన తర్వాత అధికారులు వచ్చి చూస్తారు, డబ్బు ఆ తర్వాతే. ఎప్పుడు పడుతుందో తెలియని డబ్బును నమ్ముకుని కిస్తు ఒప్పుకోకండి. పాలీహౌస్ ఏజెంటు లెక్కలో సబ్సిడీ మొదటి నెలలోనే చేరినట్టు ఉంటుంది, జాగ్రత్త.

ఉద్యోగంలో ఉంటూనే ఒక ఏడాది నాన్నతో కలిసి ఒక్క ఎకరం టమాటా చేయండి. బెంగళూరు నుంచి మదనపల్లెకు శుక్రవారం రాత్రి బస్సెక్కితే శనివారం పొద్దున తోటలో ఉంటారు. ఆ ఎకరానికి విడిగా ఒక నోటుబుక్ పెట్టండి. నారు, మల్చింగ్ షీటు, కట్టెలు, దారం, మందులు అందరూ రాస్తారు. కోత కూలీ, క్రేట్ల బాడుగ, మార్కెట్‌కు ఆటో, నాన్న, అమ్మ చేసిన పని ఎవరూ రాయరు. అవి కూడా రాయండి. కూలీ ఇచ్చి బయటివాళ్లతో చేయిస్తే ఎంతయ్యేదో అంత వాళ్ల పేరున వేయండి. ధర కాలమ్‌లో మీరు నిజంగా అమ్మిన ధరే ఉండాలి. 2023 జులైలో టమాటా కిలో చిల్లరగా రెండు వందలు దాటింది. కొన్ని వారాలకే ధర కుప్పకూలింది. కోత కూలీ కూడా గిట్టక తోటలోనే కాయ వదిలేసిన రోజులు మీ నాన్నగారికి బాగా గుర్తుంటాయి. ఆయన టెన్షన్‌కు కారణం అదే. దాన్ని పిరికితనం అనుకోకండి, అనుభవం అనుకోండి.

పెట్టుబడికి మొదట వెళ్లాల్సింది కిసాన్ క్రెడిట్ కార్డుకు. 3 లక్షల వరకు పంట రుణానికి వడ్డీ 7 శాతం, గడువులోపు కట్టేస్తే 4 శాతమే పడుతుంది. అంటే ఏడాదికి 12 వేలు. అదే 3 లక్షలు ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెస్తే 72 వేలు. 2025 జనవరి నుంచి 2 లక్షల వరకు తాకట్టు అడగకూడదు. భూమి పాస్‌బుక్ నాన్న పేరు మీద ఉంది కాబట్టి కార్డు ఆయన పేరునే తీయండి. మండీ నుంచి అడ్వాన్సు మాత్రం తీసుకోవద్దు. తీసుకుంటే పంట అక్కడికే వేయాలి, ధర అడిగే నోరు పోతుంది.

లోను కోసమని భూమిని హడావిడిగా మీ పేరుకు మార్చుకోవద్దు. 2019 ఫిబ్రవరి 1 తర్వాత చేతులు మారిన భూమికి, వారసత్వంగా వస్తే తప్ప, పీఎం కిసాన్ రాదు. నాన్నకు వచ్చే 6 వేలు పోతాయి.

డ్రిప్ లేకపోతే ముందు అది వేయించండి. ఆంధ్రాలో చిన్న, సన్నకారు రైతులకు 90 శాతం వరకు రాయితీ ఉంది. ఊళ్లో రైతు సేవా కేంద్రంలో అడగండి. ఒకే బోరు ఉన్న ఇంటికి పాలీహౌస్ కంటే నీళ్ల ఆదా ముఖ్యం. రెండేళ్ల తర్వాత గ్రేడింగ్ షెడ్డో చిన్న కోల్డ్ రూమో కట్టాలనిపిస్తే వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద 2 కోట్ల వరకు లోనుపై ఇచ్చే 3 శాతం వడ్డీ రాయితీ అప్పటికి ఉందేమో అడగండి. టమాటాను పొడిగానో సాస్‌గానో చేస్తే పీఎంఎఫ్‌ఎంఈ (చిన్న ఆహార తయారీ యూనిట్లకు కేంద్ర పథకం) కింద ఇచ్చే 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రాయితీ గురించి కూడా అప్పుడే కనుక్కోండి.

నేర్చుకోవడానికి మీరున్న ఊరే పెద్ద వనరు. హెసరఘట్టలో ఉద్యాన పరిశోధన సంస్థ ఉంది, అర్క రక్షక్ టమాటా అక్కడిదే. జీకేవీకేలో (బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రాంగణం) ఏటా కృషి మేళా జరుగుతుంది. మీ ఊరికి దగ్గర్లో కలికిరి కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. క్యాప్సికం గురించి ఏజెంటును కాకుండా, పాలీహౌస్ వేసి మూడేళ్లయిన రైతును అడగండి. షీటు మార్చడానికి ఎంతయిందో కచ్చితంగా అడగండి.

పీఎఫ్ ముట్టుకోకండి. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను కూడా పడుతుంది. ఎఫ్‌డీలో 2.5 లక్షలు ఇంటి ఖర్చు కింద పక్కన పెట్టేయండి, అది ఏడాదికి సరిపోతుంది. సేద్యానికి ఆ డబ్బు వాడకూడదు. ఉద్యోగం మానేస్తే కంపెనీ ఆరోగ్య బీమా పోతుంది. అమ్మానాన్నలకు బీపీ, షుగర్ లాంటివి ఉంటే కొత్త పాలసీలో వాటికి మూడేళ్ల దాకా నిరీక్షణ ఉండొచ్చు. అందుకే సొంత పాలసీ ఈ నెలలోనే తీసుకోండి, గడువు ఇప్పటినుంచే లెక్కలోకి వస్తుంది. పంట ఆదాయానికి పన్ను లేదు గానీ, జీతం ఉన్న ఏడాది స్లాబు లెక్కలో దాన్ని కలుపుతారు. పాల ఆదాయానికి ఆ మినహాయింపు లేదు.

రెండు పంటల నోటుబుక్‌లో ఇంటి ఖర్చుకు పైన మిగులు కనబడితే ఉద్యోగం మానేసే తేదీ మాట్లాడుకుందాం. అప్పటికీ పాలీహౌస్ మీద మనసుంటే నాలుగో వంతు సైజుతో మొదలుపెట్టండి. రాసిన లెక్క నాకు పంపండి, చూసి చెబుతాను.