రంగుల కింద గీతలు చూసే ఉద్యోగం ఉందా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. బొమ్మలు బాగా వేస్తుంది. పికాసో బొమ్మ కింద ఇంకో మనిషి బొమ్మ బయటపడిందని ఏదో వీడియో చూసి, ఇన్‌ఫ్రారెడ్‌తో పాత బొమ్మలు పరిశీలించే పనే చేస్తానంటోంది. ఎంసెట్ రాయనని మొండికేసింది. ఇలాంటి ఉద్యోగం నిజంగా ఉందా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఉందండీ. కాకపోతే ఆ ఒక్క పని పేరు చెప్పి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. పాత కళాఖండాలను కాపాడే కన్జర్వేషన్ సైంటిస్టు చేసే అనేక పనుల్లో అదొకటి.

అమ్మాయి చూసింది బహుశా పికాసో 1901లో వేసిన 'ది బ్లూ రూమ్' గురించి. దాని కింద బో టై కట్టుకున్న ఒక మగమనిషి బొమ్మ ఉందని వాషింగ్టన్‌లోని ఫిలిప్స్ కలెక్షన్ మ్యూజియం వాళ్లు 2014లో చెప్పారు. ఇందులో మాయేమీ లేదు. చాలా రంగులు మన కంటికి అడ్డుపడతాయి గానీ కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలను లోపలికి పోనిస్తాయి. కింద బొగ్గుతోనో నల్ల సిరాతోనో గీసిన గీత ఉంటే, అందులోని కార్బన్ ఆ కిరణాలను మింగేస్తుంది. కెమెరాలో నల్లగా కనిపించేది అదే. 1960లలో నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ ఆస్పెరెన్ డి బోయర్ ఈ పద్ధతిని గట్టిపరిచాడు. ఆయన భౌతికశాస్త్రం చదివినవాడు, ఈ సంగతి మీ అమ్మాయికి తప్పకుండా చెప్పండి.

వీడియోల్లో చెప్పనిది ఒకటుంది. ఎర్రమట్టి రంగుతో గీసిన గీత ఇందులో దాదాపు కనిపించదు. మన గుళ్లలో ఇంకో చిక్కు కూడా ఉంది. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి గుడిలో (మహబూబ్‌నగర్ మర్రిచెట్టు కాదు) పాత రంగుల బొమ్మల జాడలు మిగిలి ఉన్నాయి. అలాంటి గుళ్లలో తరతరాల దీపాల మసి పేరుకుని ఉంటుంది. మసి కూడా కార్బనే కాబట్టి కెమెరాకు అదే అడ్డం. ఏ బొమ్మకు ఏ పరీక్ష పనికొస్తుందో తేల్చాలంటే రంగుల కెమిస్ట్రీ రావాలి. కెమెరా నొక్కడం రెండు రోజుల్లో వస్తుంది.

ఇంట్లోనో షాపులోనో నైట్ విజన్ సీసీ కెమెరా ఉంటే ఒక పని చేయించండి. తెల్లకాగితం మీద పెన్సిల్‌తో ముదురుగా బొమ్మ గీసి, దాని మీద నీలం బాల్‌పెన్‌తో బరబరా గీకేయమనండి. లైట్లు ఆర్పి కెమెరా ముందు పెడితే పెన్ను గీతలు చాలావరకు మాయమై పెన్సిల్ బొమ్మ మిగులుతుంది. ఇదెందుకు జరిగిందని పుస్తకాలు తిరగేస్తే ఆ పిల్లకు ఈ దారి సరిపోతుంది. ఫోన్‌లో స్టేటస్ పెట్టి ఊరుకుంటే ఇంకో ఏడాది ఆగి చూడండి.

చదువు సంగతి. ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉన్న బీఎస్సీలో చేర్పించండి. డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్‌లో పెట్టుకునే దోస్త్‌లో దరఖాస్తు చేస్తే నల్లగొండలోనే సీటు దొరుకుతుంది, ఇందుకోసం హైదరాబాద్ హాస్టల్ ఖర్చు అక్కర్లేదు. ఆ తర్వాత రెండు దారులు. నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో కన్జర్వేషన్ ఎంఏ ఒకటి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి కేంద్ర పురావస్తు శాఖ సైన్స్ విభాగం పోస్టులకు పోటీపడటం రెండోది. ఆ విభాగం 1917లో మొదలైంది, దాని ప్రధాన కార్యాలయం డెహ్రాడూన్‌లో ఉంది. లక్నోలోని కేంద్ర ప్రభుత్వ కన్జర్వేషన్ ల్యాబ్ ఎన్నార్‌ఎల్‌సీ కూడా కన్జర్వేషన్‌లో శిక్షణ ఇస్తుంది. నన్నడిగితే ఎమ్మెస్సీ దారే మేలు. పురావస్తు శాఖలో పోస్టులు తక్కువ, నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో తెలియదు. అది రాకపోయినా ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేతిలో ఉంటే చౌటుప్పల్, జడ్చర్ల ఫార్మా కంపెనీల ల్యాబుల్లో ప్రయత్నించవచ్చు, బీఎడ్ చేసి టీచర్ కావచ్చు.

డబ్బు విషయం దాచను. సాఫ్ట్‌వేర్‌లో చేరిన క్లాస్‌మేట్ల జీతాలతో పోల్చుకుంటే మొదటి కొన్నేళ్లు మీకే గుబులుగా ఉంటుంది. ఇంటి అప్పులు ఆమె జీతం మీదే తీరాల్సి ఉంటే ఆ మాట ఇప్పుడే ఆమెతో చెప్పండి, ఎమ్మెస్సీ మధ్యలో కాదు.

ఎంసెట్ (ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్) మాత్రం రాయించండి. చదివేది ఎలాగూ అదే ఫిజిక్స్, అదే కెమిస్ట్రీ. ర్యాంకు వచ్చాక ఇంజినీరింగ్‌లో చేరమని పట్టుబట్టనని ముందే మాటివ్వండి, మొండితనం సగం అక్కడే తగ్గుతుంది. బొమ్మలు వేయడం మాన్పించొద్దు. చెయ్యి తిరిగినవాళ్లకే అవతలివాడి గీత ఎక్కడ తడబడిందో, ఎక్కడ దిద్దుకున్నాడో తెలుస్తుంది.