కాలువ ఈతతో హాఫ్ ట్రయాథ్లాన్ పూర్తిచేయగలమా?

అడిగినవారిది పాలకొల్లు దగ్గర ఊరు, వయసు 38. చిన్నప్పటి నుంచి కాలువలో ఈత వచ్చు, రోజూ సైకిల్ తొక్కుతారు. గోవాలో జరిగే ఐరన్‌మ్యాన్ 70.3 పోటీకి (ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి చేసే హాఫ్ ట్రయాథ్లాన్) ఆరు నెలలు సరిపోతాయా అన్నది ప్రశ్న.

సరిపోతాయండి. మాది అంబాజీపేట దగ్గర, కొబ్బరి వ్యాపారం. నలభై ఒకటో ఏట అదే పోటీ 7 గంటల 52 నిమిషాల్లో పూర్తిచేశాను. మొత్తానికి గడువు ఎనిమిదిన్నర గంటలు. అయితే మీరు "ఈత వచ్చు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు చూడండి, నాకు ప్రాణం మీదికి వచ్చింది సరిగ్గా అక్కడే. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు. మూడూ మైళ్లలో కలిపితే 70.3, ఆ పేరు అలా వచ్చింది. ఈత 70 నిమిషాల్లో అవ్వకపోతే పోటీ అక్కడితో ముగిసినట్టే.

మన వైపు ఈత ఎలా వస్తుందో మీకూ తెలుసు. అరటి బోదె పట్టుకుని రేవులో దిగుతాం, బోదె వదిలేసిన రోజు ఈత వచ్చేసినట్టు. తల పైకెత్తి అవతలి గట్టు చూసుకుంటూ కొడతాం. మునిగిపోకుండా ఉండడానికి ఆ ఈత చాలు. దూరం వెళ్లడానికి మాత్రం పనికిరాదు. తల లేస్తే నడుమూ కాళ్లూ కిందికి దిగిపోతాయి, పది నిమిషాలకే భుజాలు పట్టేస్తాయి. నేను వారానికి రెండు రోజులు రాజమండ్రి వెళ్లి స్విమ్మింగ్ పూల్లో మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను. మొహం నీళ్లలోనే ఉంచి ఊపిరి వదలడం, పక్కకి తిరిగి పీల్చడం, ఈ రెండింటికే మూడు నెలలు పట్టింది.

ఇంకొకటి, కాలువ మనల్ని మోసుకుపోతుంది. గట్టు మీద 500 మీటర్లు కొలిచి, అటూ ఇటూ గుర్తుకి కొబ్బరి మట్టలు పాతాను. వాలుకి 9 నిమిషాల్లో వెళ్లాను. అబ్బో అనుకున్నాను. అదే దూరం ఎదురీదితే 21 నిమిషాలు పట్టింది, చేతులు ఆడుతున్నాయి గానీ గట్టు మీద చెట్టు కదలడం లేదు. వాలు లెక్కన 1.9 కిలోమీటర్లు 34 నిమిషాల్లో అయిపోవాలి. పారుదల తీసేసి నా అసలు వేగం లెక్కేస్తే 48 నిమిషాలు వచ్చింది. గోవాలో, అలల మధ్య, తల ఎత్తి దారి చూసుకుంటూ వెళ్లేసరికి 56 అయింది. వాలు లెక్కనే నమ్ముకుని వెళ్లి ఉంటే మొదటి పావుగంటలోనే ఉన్న బలమంతా పెట్టేసేవాణ్ని.

మిరామార్ బీచ్‌లో దిగిన రెండో నిమిషంలోనే ఎవరిదో కాలు నా కళ్లద్దాలకి తగిలి ఒక వైపు ఉప్పునీళ్లు నిండాయి. వెనక నుంచి ఇంకొకరి చెయ్యి వీపు మీద పడింది. ఊపిరి అందలేదు. కాలువలో అయితే నాలుగు బారలేస్తే గట్టు, అక్కడ ఎటు చూసినా టోపీలే. వెల్లకిలా తిరిగి ఆకాశం చూస్తూ ఇరవై లెక్కపెట్టాను, తర్వాత పక్కనే ఉన్న కయాక్ (కాపలాకి తిరిగే చిన్న పడవ) పట్టుకున్నాను. అలా పట్టుకుని ఆగితే తప్పు లేదు, దాని సాయంతో ముందుకి కదిలితేనే అనర్హులవుతారు. ఈ నియమం నాకు ముందే తెలిసి ఉండబట్టి పట్టుకున్నాను. తెలియకపోతే భయంతో అలాగే కొట్టుకునేవాణ్ని. వెల్లకిలా తేలడం తప్పకుండా సాధన చేయండి.

ఒడ్డుకి వచ్చాక చేతులు ఎంత వణికాయంటే హెల్మెట్ బకిల్ మూడుసార్లు జారింది. అది పెట్టుకునే దాకా సైకిల్ ముట్టుకోకూడదు. తడి చేతులతో ఇంటి దగ్గరే ఒక పదిసార్లు పెట్టి తీసి చూడండి.

సైకిల్ గురించి మీకు పెద్దగా చెప్పక్కర్లేదు. మన నేలంతా చదును కాబట్టి ఎత్తు ఎక్కడం అలవాటుండదు, అక్కడి రోడ్డు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. మీకు చించినాడ వంతెన దగ్గరే కదా, వారానికోసారి దాన్నే పది పదిహేనుసార్లు ఎక్కి దిగండి. నేనూ దిండి వైపు నుంచి అదే చేశాను. 90 కిలోమీటర్లకి 3 గంటల 42 నిమిషాలు పట్టింది.

సైకిల్ దిగగానే కాళ్లు మనవి కావనిపిస్తుంది. అందుకే ప్రతి ఆదివారం సైకిల్ అయ్యాక చెప్పులు కూడా వేసుకోకుండా వెంటనే బూట్లు కట్టుకుని ఒక అరగంట పరుగెత్తాలి. అది చేశాను. నేను చేసిన తప్పు ఉప్పు దగ్గర. ఆ ఉక్కకి చెమట కారిపోతుంటే నీళ్లు మాత్రమే తాగుతూ పోయాను. చెమటతో పాటు ఉప్పు పోతుంది, ఉత్త నీళ్లు తాగేకొద్దీ ఒంట్లో మిగిలింది ఇంకా పలచబడుతుంది. పద్నాలుగో కిలోమీటరు దగ్గర కుడి పిక్క రాయిలా బిగుసుకుపోయి రోడ్డు పక్కన కూలబడ్డాను. ఒక వాలంటీరమ్మాయి బొటనవేలు వెనక్కి వంచి పట్టుకుని, ఉప్పు కలిపిన నిమ్మరసం తాగించింది. తర్వాత నడుస్తూ పరుగెడుతూ పూర్తిచేశాను, పరుగు ఒక్కదానికే 2 గంటల 59 నిమిషాలు. మే నెల ఎండలో గంట పరుగెత్తే ముందూ తర్వాతా బరువు చూసుకోండి, మీకు ఎంత చెమట పోతుందో తెలుస్తుంది. ఓఆర్‌ఎస్ కూడా ఆ రోజుల్లోనే తాగి అలవాటు చేసుకోండి, పోటీ రోజు కొత్తగా మొదలుపెడితే కడుపు తిప్పుతుంది.

ఇప్పుడు ఎలాగూ కాలువలు కట్టేసే రోజులు. ఈ రెండు నెలలూ పూల్లో చేరి ఊపిరి సంగతి చూసుకోండి. జూన్‌లో నీళ్లు వదిలాక కాలువలో దిగండి గానీ ఒంటరిగా వద్దు, లాకుల దగ్గర అసలే వద్దు. గుర్రపుడెక్క కాళ్లకి చుట్టుకుంటే ఎంత ఈత వచ్చినా లాభం లేదు. నడుముకి రంగు బుడగ కట్టుకుని, గట్టు మీద ఒక మనిషిని నడిపించండి. వరద నీరు ఎర్రగా వస్తే ఆ వారం మానేయండి. 500 మీటర్లు అటూ ఇటూ ఎంతెంత పట్టిందో ఇక్కడ రాయండి, మీ అసలు వేగం ఎంతో లెక్కకట్టి చెప్తాను.