సెలవుల్లో పుస్తకం ముట్టనంటోంది... ఎలా చదివించాలి?

మాది కడప. మా అమ్మాయి తొమ్మిదో తరగతి పరీక్షలు రాసింది. జూన్‌లో పదిలోకి వస్తుంది. సెలవులిచ్చిన రోజే టైంటేబుల్ రాసి ఫ్రిజ్‌కు అంటించాను. ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. నాలుగు రోజులు కూర్చుంది, ఐదో రోజు దాన్ని చింపేసింది. ఎర్రగుంట్ల దగ్గర పల్లెలో ఉన్న మా అమ్మ దగ్గరికి పోతానని ఒకటే ఏడుపు. ‘పోనీలే, పిల్లను కాస్త ఊపిరి పీల్చుకోనివ్వు’ అంటారు మా ఆయన. మా ఆడపడుచు కొడుకు అప్పుడే పదో తరగతి లెక్కలు మొదలుపెట్టాడు. నెలన్నర పుస్తకం ముట్టకపోతే చదివిందంతా మరిచిపోదా? నా చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. దానికి అలా కాకూడదనే నా బాధ. - ఒక తల్లి, కడప

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ బాధంతా ఆ చివరి రెండు వాక్యాల్లోనే ఉంది. ఆగిపోయిన చదువు ఇన్నేళ్లయినా మీలో పచ్చిగానే ఉంది. అందుకే కూతురు మధ్యాహ్నం పూట ఊరికే పడుకుని కనిపిస్తే మీ గుండె గుబేలుమంటోంది. అందులో తప్పేమీ లేదు. కానీ పద్నాలుగేళ్ల పిల్లకు ఆ గుబులు కనబడదు, మీ కేకలే వినబడతాయి. ఆ టైంటేబుల్ రాసేటప్పుడు తనను ఒక్క మాటైనా అడిగారా? అడగలేదనే అనుకుంటున్నాను. అడిగి రాసిన కాగితాన్ని పిల్లలు అంత కోపంగా చింపరు.

ఇక మరుపు సంగతి. మీ భయం ఉట్టిది కాదు, పిల్లలు నిజంగానే మరిచిపోతారు. 1885లో ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల వరుసలను తానే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో లెక్క రాసుకున్నాడు. మొదటి రోజే చాలావరకు జారిపోతుందనీ, తర్వాత మరుపు నెమ్మదిస్తుందనీ తేలింది. మధ్యమధ్యలో గుర్తు చేసుకుంటూ ఉంటే విషయం నిలుస్తుంది. అలా గుర్తు చేసుకోవడానికి రోజుకు నాలుగు గంటలు అక్కర్లేదు.

ఇంకో ప్రయోగం గురించి చెబుతాను, ఇది మీకు బాగా పనికొస్తుంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే పాఠాన్ని కొందరు విద్యార్థులతో మళ్లీ మళ్లీ చదివించారు. మరికొందరి చేత చూడకుండా గుర్తున్నంత రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే బాగా రాశారు. వారం తర్వాత పెడితే మాత్రం చూడకుండా రాసినవాళ్లదే పైచేయి. పుస్తకం తెరిచి గంటల తరబడి కూర్చుంటే వచ్చినట్టే అనిపిస్తుంది, ఆ అనిపించడమే మోసం. పుస్తకం మూసి పది నిమిషాలు తడుముకోవడం కష్టంగా ఉంటుంది కానీ అదే మిగులుతుంది.

కాబట్టి పిల్లను అవ్వ దగ్గరికి పంపండి. మొదటి వారం చదువు మాటే ఎత్తవద్దు. ఆ తర్వాత రోజుకు ఇరవై నిమిషాలు చాలు. అదీ ఎండ ముదరకముందే. మే నెల కడప ఎండలో మధ్యాహ్నం రెండింటికి ఏ పిల్ల బుర్రా పనిచేయదు. ఏం చదవాలో తననే ఎంచుకోనివ్వండి. తొమ్మిదో తరగతి పాఠం ఒకటి తలచుకుని, గుర్తున్నది నోటు పుస్తకంలో నాలుగు ముక్కలు రాసి, ఆ తర్వాతే పుస్తకం తెరిచి ఏం వదిలేసిందో చూసుకోవాలి. రోజు విడిచి రోజు మూడు లెక్కలు, తనకు వచ్చినవే. పదో తరగతి లెక్కల జోలికి ఇప్పుడు వెళ్లకండి.

మిగతాది అవ్వ ఇల్లే చూసుకుంటుంది. మీ అమ్మగారికి చూపు ఆనకపోతే, లేదా చదువు రాకపోతే, ఉదయం పేపరు చదివి వినిపించే పని మనవరాలికి అప్పగించండి. ‘ద్రవ్యోల్బణం అంటే ఏమిటే?’ అని అవ్వ అడుగుతుంది. ఆమెకు అర్థమయ్యేలా చెప్పాలంటే ముందు తనకు అర్థం కావాలి. దీనికి మించిన పరీక్ష ఏ బడిలోనూ పెట్టరు.

ఆ వైపు ఇళ్లలో నేలకు కడప బండలే కదా పరుస్తారు. సాంఘికశాస్త్రంలో మీ అమ్మాయి చదివిన అవక్షేప శిల అదే. ఎప్పుడో నీళ్ల అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాయి కాబట్టే అంత చదునుగా పలకలుగా విడిపోతుంది. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ ప్రాంతపు రాతి పొరలకు మన జిల్లా పేరే పెట్టి ‘కడప బేసిన్’ అంటారు. చదరపు బండలు పరిచిన గది ఉంటే ఒక మూలను మూలబిందువు అనుకోమనండి. మంచం కోడు నిరూపకాలు ఎంత, అంటే ఆ మూల నుంచి ఇటు ఎన్ని బండలు, అటు ఎన్ని బండలు, నీళ్ల బిందె ఎక్కడుంది, చెప్పమనండి. ఆ మూల నుంచి గోడ వెంట మూడు బండలు నడిచి, పక్కకు తిరిగి నాలుగు బండలు వేస్తే, మొదలుపెట్టిన చోటికి తిన్నగా దూరమెంత? ముందు లెక్క వేసి, తర్వాత తాడు లాగి కొలవాలి. సరిగ్గా ఐదు బండల పొడవు వస్తుంది. పదో తరగతిలో రెండు బిందువుల మధ్య దూరం కనుక్కునే సూత్రం ఇదే. పుస్తకంలో అది కనబడ్డప్పుడు తనకు అవ్వ ఇల్లు గుర్తొస్తుంది.

ఒక సాయంత్రం వాళ్ల మామను కలమళ్లకు తీసుకెళ్లమనండి, ఎర్రగుంట్ల పక్కనే. తెలుగులో దొరికిన మొట్టమొదటి శాసనంగా పేరున్న, క్రీ.శ. 575 నాటి శాసనం ఆ ఊరిదే. అప్పట్లో ఈ ప్రాంతాన్ని ఏలిన రేనాటి చోళులది అది. చూసి వచ్చి అవ్వకు కథగా చెప్పమనండి, అంతే. వ్యాసం రాయమని మాత్రం అడగవద్దు.

మీ ఆడపడుచు కొడుకు మాట ఇంట్లో ఎత్తకండి. ఆ పిల్లవాడి దారి ఆ పిల్లవాడిది. మీ ఆయన చెప్పింది సగం నిజం. ఊపిరి పీల్చుకోవాలి, అయితే నెలన్నరపాటు పూర్తిగా వదిలేయకూడదు. ఈ మాట ఆయనకు పిల్ల లేనప్పుడు చెప్పండి. ఇద్దరూ చెరో మాట అంటే పిల్ల మీ మధ్య నలిగిపోతుంది.

మరో మాట, ఇది మీ కోసం. బడి తెరిచాక వారానికి ఒక రోజు తన పాఠం మీకు చెప్పించుకోండి. తప్పులు వెతకడానికి కాదు, మీరు నేర్చుకోవడానికే. ఇంటర్ వరకు చదివిన మీకు అది కష్టం కాదు. సార్వత్రిక విశ్వవిద్యాలయాల్లో మీ వయసు వాళ్లు ఇంట్లో ఉండే డిగ్రీ చదువుతున్నారు. మీకు ఆ కోరిక ఉంటే అది మీరే తీర్చుకోవచ్చు, కూతురి దాకా ఆగనక్కర్లేదు.

ఈ ఆదివారం ఎర్రగుంట్ల బస్సెక్కించండి. సంచిలో ఒక నోటు పుస్తకం, ఒక తాడు ముక్క పెట్టండి. ఫోను చేసినప్పుడు ‘చదివావా?’ అని అడగవద్దు. అవ్వ ఇంట్లో ముందు గదిలో ఎన్ని బండలున్నాయో అడగండి.