తొమ్మిదో పేజీ గురించి

హన్మకొండ

తమ్మీ,

'ఫెంటాస్టిక్ ఫోర్' అనే హాలీవుడ్ సూపర్‌హీరో సినిమా ఎట్లా మునిగిందో రాసిన నీ వ్యాసం అందింది. చేతిరాత బాగుంది. అంతకుమించి పొగిడే ఓపిక ఇవాళ లేదు.

మొదటిసారి చదివినప్పుడు నాలుగో పేజీ దగ్గరే పక్కన పడేశాను. 'డిజాస్టర్' అన్న మాట ఎన్నిసార్లు వాడావో లెక్కపెట్టాను. పదకొండు. పన్నెండు కోట్ల డాలర్లు పెట్టారు, పదహారు కోట్ల పైచిలుకే వచ్చాయి, చెత్త సినిమాలకిచ్చే 'రాజ్జీ' అవార్డు కొట్టారు అంటూ పేజీల కొద్దీ చిట్టా రాశావు. నష్టం లెక్క మా గల్లీ కిరాణా సేటు ఇంతకంటే బాగా చెప్తాడు. దానికి రచయిత ఎందుకు?

రాత్రి నిద్రపట్టక మళ్లీ తీశాను. తొమ్మిదో పేజీలో ఆగిపోయాను. 2015లో వచ్చిన ఆ 'ఫెంటాస్టిక్ ఫోర్'లో నటి కేట్ మారా జుట్టు ఒక షాట్‌లో ఒకలా, తర్వాతి షాట్‌లో ఇంకోలా ఉందనీ, అది విగ్గనీ రాశావు. రాసి, ఒక వెకిలి నవ్వు నవ్వి, మళ్లీ వసూళ్లలోకి దూకావు. నాకు కోపం వచ్చింది అక్కడే. నీ వ్యాసమంతా ఆ విగ్గు కింద ఉంటే దాన్ని దాటుకుని పోయావు.

కాస్త నిలబడి చూడు. అసలు షూటింగ్ 2014లో లూసియానాలో అయింది. ఆ కాపీ స్టూడియోకు నచ్చలేదు. 2015 మొదట్లో మళ్లీ షూటింగ్ పెట్టారు. అప్పటికి ఆ అమ్మాయి జుట్టు మునుపటిలా లేదు, విగ్గు పెట్టారు. అది కలవడం లేదని పెట్టినామెకు తెలుసు, కెమెరా వెనక ఉన్నవాడికి తెలుసు, కత్తెర పట్టినవాడికి తెలుసు, ఆ అమ్మాయికీ తెలిసే ఉంటుంది. తెలిసీ లైట్ల ముందు నిలబడి డైలాగు చెప్పింది. నీకెట్లా నవ్వొచ్చింది?

మా నాయన కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. నేసేటప్పుడు పోగు తెగుతుంది, ముడేస్తారు. మంచి నేతగాడి ముడి కంటికి కనపడదు. కానీ మా నాయన ఎవరింటికి పోయినా కూర్చునే ముందు అరచేత్తో జంపఖానాను ఒకసారి తడిమి, ఇదిగో ఇక్కడ తెగింది, ఇక్కడ ఇంకో చెయ్యి పడింది అనేవాడు. పెళ్లిచూపుల్లో కూడా అట్లే చేశాడు, మా అమ్మమ్మ జన్మంతా ఆ మాట ఎత్తిపొడిచింది. నేను రాత నేర్చుకున్నది ఆ అరచేతి దగ్గరే. ఓడిపోయిన పని గురించి రాస్తే ముడి దొరికేదాకా తడమాలి. బాగుందా, బాగాలేదా అని తీర్పు చెప్పేవాళ్లు బోలెడంతమంది ఉన్నారు.

ఆ సినిమాలో ఇంకో పెద్ద ముడి నీ కంట పడనేలేదు. కథలోని నలుగురికీ వింత శక్తులు వస్తాయి. ఒళ్లు సాగిందేమిటి, రాయైపోయిందేమిటి అని వాళ్లు హడలిపోయే సమయంలో 'ఒక ఏడాది తర్వాత' అని తెర మీద అక్షరాలు పడతాయి. ఆ ఏడాదే కదా అసలు కథ! ట్రైలర్‌లో విమానం నుంచి దూకిన రాతి మనిషి సినిమాలో దూకడు. అవన్నీ ఎటు పోయాయని నువ్వు అడగలేదు.

డిస్క్‌తో వచ్చిన మేకింగ్ వీడియోల్లో అందరూ నవ్వుతున్నారే, గొడవ ఎందుకు చెప్పలేదని మూడు పేజీలు వాపోయావు. పెళ్లి వీడియోలో అలిగిన మేనమామ కనపడతాడా? పచ్చళ్ల సీసా మీద అది పుల్లబడిందని రాస్తారా?

ఇక దర్శకుడు జోష్ ట్రాంక్. విడుదలకు ముందురోజు ట్విట్టర్‌లో, ఏడాది కిందట నా దగ్గర అద్భుతమైన వెర్షన్ ఉండేది, మీరు బహుశా దాన్ని చూడలేరు అన్న అర్థంలో రాసి, తీసేశాడు. నువ్వు పిరికితనం అన్నావు. అతనికి అప్పుడు ముప్పై ఒకటి. నీకంటే అయిదేళ్లు పెద్ద, అంతే.

'అసలుది వేరే ఉండేది' అన్న ట్రాంక్ మాటనే నేను ముప్పై ఏళ్లు అన్నాను తమ్మీ. మిల్లుకు సద్ది మోసుకుపోయే తల్లి మీద కథ రాసి పట్నంలో ఒక ఆదివారం అనుబంధానికి పంపాను. అచ్చయింది. చూస్తే 'తొవ్వ' ఉన్న ప్రతిచోటా 'దారి'. "ఏ తొవ్వన పోతున్నవ్ బిడ్డా" అన్న మా అమ్మ మాట "ఏ దారిన వెళ్తున్నావు నాయనా" అయింది. చివరి రెండు పేజీలు లేవు. ఆ ఎడిటర్ పేరు చెప్పను, చెప్పాలని నోరు దురద పెడుతున్నా. ప్రతి సభలోనూ నా అసలు కథ వేరే అని చెప్పుకుంటూ తిరిగాను. ఇల్లు మారేటప్పుడు పాత ట్రంకు పెట్టెలో కార్బన్ కాపీ దొరికింది. ఆ రెండు పేజీలు చదివాను. తల్లి చచ్చిపోతుంది, వాన పడుతుంది, సైరన్ మోగుతుంది. కొట్టెయ్యడం న్యాయమే. 'తొవ్వ' సంగతి మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.

రీబూట్లు, అంటే పాత కథనే మొదటి నుంచి మళ్లీ తీయడాలు, అవసరమా అని అడిగావు. 1961లో స్టాన్ లీ, జాక్ కిర్బీ పుట్టించిన ఆ నలుగుర్నీ ఇన్నిసార్లు ఎందుకు తీస్తారని. మా చిన్నప్పుడు మా పద్మశాలీలకు కథ చెప్పే కూనపులివాళ్లు వచ్చి పటం విప్పి మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు. ఎర్ర నేల మీద వరుసలు వరుసలుగా బొమ్మలు. అదీ కామిక్కే, కాకపోతే నిలువునా వేలాడుతుంది. పటం పాతబడితే నదిలో వదిలి, చేర్యాలలో బొమ్మలు వేసే నకాషీల చేత అదే కథ కొత్తగా రాయించుకునేవాళ్లు. ఎందుకని ఎవరూ అడగలేదు. మా నేతవాళ్ల మూలపురుషుడు భావనారుషి బొమ్మ తేడాగా ఉంటే మాత్రం వాకిట్లో కూర్చున్న ముసలమ్మ ఊరుకునేది కాదు.

వీలైతే ఇంకో డాక్యుమెంటరీ చూడు, 'డూమ్డ్'. రోజర్ కోర్మన్ నిర్మించిన పాత 'ఫెంటాస్టిక్ ఫోర్' మీద తీసింది. పది లక్షల డాలర్ల పాటి ఖర్చుతో చుట్టేశారు. 1994 జనవరిలో ప్రీమియర్ అనుకున్నారు, రద్దయింది, థియేటర్ల మొహమే చూడలేదు. ఆ పని చేసినవాళ్లు అందులో కూర్చుని మాట్లాడతారు. వాళ్ల చేతుల వంక చూడు.

కలం పేరు గురించీ, యూట్యూబ్ గురించీ ఏదో అడిగావు. ఆ కాగితం ఎక్కడో పెట్టాను.

పదమూడు పేజీలు తిప్పి పంపుతున్నాను. తొమ్మిదో పేజీ నా దగ్గరే ఉంచుకున్నాను. కావాలంటే వచ్చి తీసుకో. బస్సు దిగి ఫోన్ చెయ్యి. సద్దుల బతుకమ్మ నాడు మాత్రం రాకు, ఇల్లంతా తంగేడు పువ్వే ఉంటుంది, కూర్చోవడానికి చోటుండదు.