పెళ్ళికి యుకత వద్దు, హోమోంగి అడగండి

జూలైలో క్యోటోలో సహోద్యోగి పెళ్ళి; మీరు వివాహిత; జపాను సంప్రదాయ దుస్తులైన కిమోనోల అద్దె దుకాణంవారు యుకత, ఫురిసోదే, కురోతోమేసోదే అనే మూడు రకాలు చూపించారు; వీటిలో ఏది మేలు అని మీరు నన్ను అడిగారు. నిజం చెప్పాలంటే మూడూ మీకు నప్పవండి.

యుకత మొదట స్నానానికి సంబంధించిన బట్ట. ఇప్పుడు వేసవి ఉత్సవాలకూ బాణసంచా చూడడానికీ ముచ్చటగా ఉంటుంది కానీ, పెళ్ళి విందుకు మరీ తేలిక. చేతుల గుడ్డ కాళ్ళదాకా వేలాడే ఫురిసోదే పెళ్ళికాని అమ్మాయిలది. అయిదు వంశచిహ్నాలున్న ఆ నల్లటి కురోతోమేసోదే వధూవరుల తల్లులూ దగ్గరి బంధువుల్లోని వివాహితలూ వేసుకునేది. మీరు వేసుకుంటే అందరూ పెళ్ళికూతురి పిన్ని అనుకుంటారు!

హోమోంగి రకం కిమోనో కావాలని అడగండి. పెళ్ళయినవారూ కానివారూ వేసుకోవచ్చు. కుట్లు దాటి ఒకే బొమ్మలా సాగే డిజైను దాని గుర్తు. తెలుపు మాత్రం వధువుకే వదిలేయండి. జూలై, ఆగస్టు నెలల్లో అస్తరు లేని, గాలి ఆడే 'రో' నేత ఆనవాయితీ. నడుముకు కట్టే పట్టీ (ఓబి) జరీ మెరుపున్న ఫుకురో రకం.

ఇది చీర కుచ్చిళ్ళు సర్దుకున్నంత సులువు కాదు, కట్టే మనిషిని కూడా మాట్లాడుకోండి. ఫొటోకు ముందు ఒక్కసారి చూసుకోండి: మీ ఎడమవైపు అంచే పైన ఉండాలి. కుడి అంచు పైకి వేసేది శవానికి.

మర్నాడు ఊళ్ళో తిరగడానికి ఆ యుకతే తీసుకోండి, హాయిగా ఉంటుంది.