డైనమిక్స్ 365 ఫారమ్‌లోనే షేర్‌పాయింట్ ఫైళ్లు కనిపించాలంటే?

డైనమిక్స్ 365లో (కస్టమర్ల వివరాలు నిర్వహించే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) కస్టమర్ రికార్డు తెరవగానే, షేర్‌పాయింట్‌లో (ఫైళ్లు దాచి పంచుకునే మైక్రోసాఫ్ట్ సేవ) ఉన్న ఆయన ఫైళ్లు అదే ఫారమ్‌లో, వేరే ట్యాబ్‌కి వెళ్లకుండా కనిపించాలన్నది మీ ప్రశ్న. ఐఫ్రేమ్ (ఫారమ్‌లో మరో వెబ్ పేజీని చూపించే పెట్టె) జోలికి వెళ్లకండి, సబ్‌గ్రిడ్ (ఫారమ్‌లోనే రికార్డుల జాబితా చూపించే పట్టిక) చాలు.

ముందుగా సెట్టింగ్స్‌లోని డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్‌లో షేర్‌పాయింట్ సైట్‌ని కలిపి, కస్టమర్ రికార్డులుండే అకౌంట్ టేబుల్‌కి డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్‌ని ఆన్ చేయండి. తర్వాత ఫారమ్ డిజైనర్‌లో సబ్‌గ్రిడ్ పెట్టి, సంబంధిత రికార్డులు మాత్రమే చూపించే ఆప్షన్‌కి టిక్ పెట్టి, టేబుల్‌గా డాక్యుమెంట్స్‌ని ఎంచుకోండి. ఆ టిక్ మరిచిపోతే గ్రిడ్ ఈ ఒక్క కస్టమర్‌కే పరిమితం కాదు. సేవ్ చేసి పబ్లిష్ చేస్తే సరి.

చాలామంది తికమకపడేది ఇక్కడే: కొత్త రికార్డులో గ్రిడ్ ఖాళీగా ఉంటుంది. అది ఎర్రర్ కాదు. రికార్డు సేవ్ అయ్యేదాకా దానికి ఐడీ ఉండదు, ఐడీ లేకపోతే ఫైళ్లుండే షేర్‌పాయింట్ ఫోల్డర్‌ని దేనికి ముడిపెట్టాలి? మామూలుగా ఎవరైనా డాక్యుమెంట్స్ ట్యాబ్‌ని మొదటిసారి తెరిచినప్పుడే ఫోల్డర్ తయారవుతుంది. కాబట్టి సేవ్ చేసి, ఒకసారి ఆ ట్యాబ్ తెరిచి, మళ్లీ ఫారమ్‌కి రండి.

ఐఫ్రేమ్ ఎందుకు వద్దంటే, అందులో షేర్‌పాయింట్ లైబ్రరీ (ఫోల్డర్లన్నీ ఉండే చోటు) లింకు నేరుగా పెడితే ప్రతి కస్టమర్‌కీ ఒకే లైబ్రరీ మొత్తం కనిపిస్తుంది. రికార్డుని బట్టి లింకు మార్చాలంటే స్క్రిప్ట్ రాయాలి, దాన్ని కనిపెట్టుకుని ఉండాలి.

అనుమతుల సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. డైనమిక్స్‌లో రికార్డు దాచినంత మాత్రాన షేర్‌పాయింట్‌లో ఫైళ్లు దాగవు. సైట్‌లో యాక్సెస్ ఉన్నవాళ్లు నేరుగా వెళ్లి తెరవగలరు. కస్టమర్ల ఆధార్, బ్యాంకు కాగితాల్లాంటివి ఉంటే సైట్ అనుమతులు విడిగా సరిచేశాకే ఇది అందరికీ ఇవ్వండి.