రెండెకరాల్లో ముప్పై ఇళ్లు: బోరు ఎక్కడ, సెప్టిక్ ట్యాంకు ఎక్కడ?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా దేవరకొండ వైపు ఒక పల్లె. సొంతిల్లు లేని ముప్పై కూలి కుటుంబాలం కలిసి ఊరి బయట రెండెకరాల పట్టా భూమి కొని, తలా వంద గజాలు పంచుకోవాలనుకుంటున్నాం. పైభాగం ఎర్రనేల, దిగువన నల్లరేగడి. మురుగు కాలువలు లేవు కనుక ఇంటింటికీ ఒక బోరు, ఒక సెప్టిక్ ట్యాంకు పెట్టుకుందామని కొందరంటున్నారు. బయానా ఇచ్చే ముందు ఏం చూడాలి?
– ఒక పాఠకుడు

జవాబు: ముందుగా ఇంటింటికీ బోరు అన్న ఆలోచన మానుకోండి. వంద గజాల స్థలమంటే ముప్పై అడుగుల పొడవు, ముప్పై అడుగుల వెడల్పు. తాగే నీటి బోరుకు, సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చే మురుగునీరు ఇంకే గుంతకు మధ్య వంద అడుగుల ఎడం ఉండాలని నా సలహా; మీ ప్రాంతంలోలాగా నేల కింద గ్రానైటు రాయి ఉండి, దాని పగుళ్ల వెంట నీరు నడిచేచోట అంతకు తగ్గడం మంచిది కాదు. ఒక్క బోరు చుట్టూ వంద అడుగుల వలయం గీస్తేనే దాదాపు 29 గుంటల భూమి అందులో పడుతుంది. మీ భూమి మొత్తం 80 గుంటలే. కాబట్టి అందరికీ కలిపి ఎగువ అంచున ఒకే బోరు వేసి, గట్టి రాయి తగిలేదాకా కేసింగు పైపు దింపించి, దాని చుట్టూ సిమెంటు పోయించండి. వలయంలో ఇళ్లు కట్టుకోవచ్చు, ఇంకుడు గుంతలు మాత్రం ఉండకూడదు. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం, 2002 కింద బోరుకు అనుమతి కూడా తీసుకోవాలి.

ఇక అసలు పరీక్ష మురుగునీటిది. గుంత ఎంత లోతున వస్తుందో అంత లోతుకు అడుగు వెడల్పున గొయ్యి తీసి, అడుగున రెండంగుళాల కంకర పరచి, నీళ్లతో నింపి రాత్రంతా నాననివ్వాలి. మర్నాడు మళ్లీ నీళ్లు పోసి, మట్టం 25 మిల్లీమీటర్లు దిగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడాలి. సెప్టిక్ ట్యాంకులకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 ప్రకారం 30 నిమిషాల లోపైతే ఇంకుడు గుంత చాలు, 30 నుంచి 60 అయితే పొడవాటి కందకాలు కావాలి, 60 దాటితే ఆ నేలలో మురుగు ఇంకించే ఆలోచన వదులుకోవాలి. నానబెట్టకుండా చేసిన పరీక్షను, ముఖ్యంగా నల్లరేగడిలో, నమ్మకండి. ఎండాకాలంలో నెర్రెలిచ్చిన రేగడి బిందెడు నీళ్లను గుటుక్కున మింగి, వాన పడగానే ఉబ్బి మూసుకుపోతుంది. దిగువ భాగం ఈ పరీక్షలో తప్పితే, ఎర్రనేల ఎన్ని ఇళ్ల మురుగును మోయగలదో అన్ని ఇళ్లకే పరిమితం కావాలి. ముప్పై కుటుంబాల్లో ఎవరిని ఆగమంటామన్న బాధ నాకు తెలుసు, కానీ ఆ లెక్క ఇప్పుడు తేల్చకపోతే రేపు పిల్లల విరేచనాల రూపంలో తేలుతుంది.

ఈ పరీక్షలకు కాలం కూడా ముఖ్యమే. బోరు నీటి సత్తా మే నెలలో తెలుస్తుంది; నేలలో నీరు ఎంత పైకి వస్తుందో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో తెలుస్తుంది. ఆరడుగుల లోతులోనే ఊట కనబడితే ఇంకుడు గుంత పనికిరాదు. తుంగ మొలిచే చోటు, చెరువు శిఖం (చెరువు నిండితే నీట మునిగే భూమి) చౌకగా వచ్చినా వద్దు. అసైన్డ్ భూమైతే, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమైతే, 1977 చట్టం ప్రకారం కొనుగోలే చెల్లదు కనుక పట్టా మాటను రికార్డుల్లో నిర్ధారించుకోండి.

నల్గొండ వారికి ఫ్లోరైడు గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. పక్క పొలం బోరు నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించండి: లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే ఆ నీరు తాగవద్దు, మరిగిస్తే ఫ్లోరైడు పోదు, బోరు ఇంకా లోతుకు దింపితే తగ్గుతుందన్న హామీ లేదు. నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు, నీటిలో మలం కలిసిందని చెప్పే ఈ-కోలి బ్యాక్టీరియా అసలే ఉండకూడదు. మిషన్ భగీరథ నల్లా వచ్చే వీలుంటే తాగడానికి దాన్ని ఉంచుకుని, బోరును మిగతా అవసరాలకు వాడండి.

నీరు బాగా ఇంకే ఎర్రనేలలో సెప్టిక్ ట్యాంకు కన్నా రెండు గుంతల మరుగుదొడ్డి మేలు. ఒకటి నిండాక మూసి రెండో దానికి మళ్లిస్తే, మొదటిది రెండేళ్లకు ఎరువవుతుంది. ట్యాంకే కట్టుకుంటే రెండు మూడేళ్లకోసారి యంత్రంతో తోడించాలి కాబట్టి ప్రతి ఇంటి దగ్గరికీ ట్యాంకరు వచ్చేంత దారి వదలండి; అందులోకి మనిషిని దించడం, మనుషులతో పాకీ పని చేయించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం.

బయానా కాగితంలోనే, గోతుల పరీక్షలో గానీ నీటి పరీక్షలో గానీ భూమి పనికిరాదని తేలితే డబ్బు వాపసు ఇవ్వాలని రాయించండి. పొలంలో గొయ్యి తీయనివ్వని అమ్మకందారు దగ్గర మాత్రం ఆ భూమి కొనకండి.